పేడ, బెల్లం, నా అనుమానం

మైక్రోబయాలజీ చదివేవాళ్ళకి పేడంటే అసహ్యం ఉండదు, అనుమానం ఉంటుంది. రాజమండ్రిలో ఎమ్మెస్సీ చేస్తూ ప్రాజెక్టు కోసం వెతుక్కుంటున్నప్పుడు, మా మావయ్య ఎకరం చేలో ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టాడని అమ్మ ఫోన్లో చెప్పింది. వెంటనే నాకు రెండు సంగతులు తోచాయి. ప్రాజెక్టు దొరికింది. మావయ్యని ఎవరో బుట్టలో వేశారు.

వాళ్ళ ఊరు గోదావరి డెల్టాలో, మార్టేరుకీ పాలకొల్లుకీ మధ్యన. 1925లో మొదలైన వరి పరిశోధనా స్థానం మార్టేరులోనే ఉంది. ఎన్నో రాష్ట్రాలకి పాకిన స్వర్ణ రకం, అదే ఎంటీయూ 7029, 1982లో విడుదలైంది అక్కడినుంచే. అలాంటి చోటుకి కూతవేటు దూరంలో కూర్చుని పేడనీళ్ళతో వరి పండిస్తానంటే నవ్వు రాదా?

దీని వెనక కథ కొంత నాకు ముందే తెలుసు. ప్రకృతి వ్యవసాయాన్ని ప్రచారం చేసిన మహారాష్ట్ర ఆయన సుభాష్ పాలేకర్ గారి పద్ధతిని మన రాష్ట్ర ప్రభుత్వం 2016 ప్రాంతంలో రైతు సాధికార సంస్థ ద్వారా ఊళ్ళలోకి తెచ్చింది. 2019 కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో కూడా ‘జీరో బడ్జెట్’ వ్యవసాయం అనే పేరుతో దీని మాట వచ్చింది. అదే ఏడాది జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ దీనికి శాస్త్రీయమైన రుజువు లేదని గట్టిగానే అభ్యంతరం చెప్పింది. నేను అకాడమీ పార్టీ. ఆ సంగతి దాచకుండానే సంచి సర్దుకుని వెళ్ళాను. మావయ్య ఏమీ అనుకోలేదు. "మంచిదే కదా, పేడ ఎత్తడానికి ఇంకో మనిషి దొరికింది" అన్నాడు.

నేను వెళ్ళేసరికి కాలవలు కట్టేసి ఉన్నాయి. దాళ్వా, అంటే రెండో పంట, కోతలయ్యాక పదునులో చల్లిన జీలుగ అనే పచ్చిరొట్ట నడుం ఎత్తు పెరిగి ఉంది. జూన్‌లో కాలవలు వదిలాక దాన్ని అలాగే చేలో కలిపి దమ్ము చేశారు. అప్పుడు దాన్ని నేను పెద్దగా పట్టించుకోలేదు. నా చూపంతా మకాంలో ఉన్న నీలం డ్రమ్ము మీదే.

ఆ డ్రమ్ములో జరిగేది తెలియనివాళ్ళ కోసం చెప్తాను. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు పంచితం, 2 కిలోల నల్లబెల్లం, 2 కిలోల శనగపిండి, గుప్పెడు గట్టు మన్ను. ఆ మన్ను మందులు పడని చోటుది కావాలి. నీడలో పెట్టి, పైన గోనె కప్పి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి కర్రతో తిప్పాలి. రెండు రోజులకి జీవామృతం. వారంలోపు వాడేయాలి.

రాసుకోవడానికి నాలుగు ముక్కలే గానీ, చెయ్యి పెడితే తెలుస్తుంది. డెల్టాలో ఏ ఇంటికెళ్ళినా గేదెలే. నాటు ఆవు కోసం మావయ్య జంగారెడ్డిగూడెం వైపు మెట్టకి వెళ్ళి తెచ్చుకున్నాడు. పంచితం పట్టాలంటే తెల్లారకముందే బకెట్టుతో ఆవు వెనక కాపు కాయాలి. ఆవుకి మన ప్రాజెక్టుతో పని లేదు. నేను ఆవులించినప్పుడే దానికి వస్తుంది. ఇక పేడని నీళ్ళలో ఉండలు లేకుండా చేత్తో పిసకాలి. ఆ పని మా అత్తది. మొదటిరోజు డ్రమ్ము దగ్గర పేడ వాసనే. రెండోరోజు పొద్దున గోనె తీస్తే ఆ వాసన వెనక్కి తగ్గి పులిసిన కల్లు వాసన ముందుకొచ్చింది. పైన గోధుమరంగు నురగ, అందులో సన్నటి బుడగలు లేచి పగులుతున్నాయి. పీహెచ్ కాగితం ముంచితే ఆమ్లం వైపు తిరిగింది. బెల్లం తిని సూక్ష్మజీవులు పని మొదలుపెట్టాయన్నమాట. ఇంతవరకు నాకు పేచీ ఏమీ లేదు.

పేచీ శిక్షణలో చెప్పే మాటలతో. నాటు ఆవు పేడే కావాలట, గేదెది పనికిరాదట. కర్రని కుడివైపుకే తిప్పాలట. నేను వేరే బకెట్లలో గేదె పేడతో ఒకటి, ఎడమవైపు తిప్పింది ఒకటి కలిపి పెట్టాను. రొయ్యలు పంపే థర్మోకోల్ డబ్బా ఒకటి సంపాదించి, ఐసు వేసి, సీసాలు అందులో పెట్టుకుని రాజమండ్రి ల్యాబ్‌కి మోసుకెళ్ళి, వాటిలోని సూక్ష్మజీవుల్ని పెంచి చూడటానికి ప్లేట్లు వేశాను. బస్సులో పక్కనావిడ "రొయ్యలేనా అమ్మా, కేజీ ఎంతకిస్తారు?" అని అడిగింది.

ప్లేట్ల మీద నాకు ఆవుకీ గేదెకీ తేడా కనపడలేదు. కుడికీ ఎడమకీ అంతకన్నా కనపడలేదు. అన్నిట్లోనూ కుప్పలుతెప్పలుగా కాలనీలు. మెకాంకీ ప్లేటు మీద గులాబీరంగువి కూడా తేలాయి, అంటే పేగుల్లో ఉండే రకం బాక్టీరియా. పేడలో అవి లేకపోతేనే వింత. కానీ ‘అన్నీ మేలు చేసేవే’ అని చెప్పేవాళ్ళు ఆ ప్లేటు ఒకసారి చూడాలి. ఆకుకూరల మళ్ళలో చిమ్మేముందు అయినా చూడాలి.

ఈ ఫలితం పట్టుకుని యుద్ధానికి సిద్ధమై వెళ్ళాను. మావయ్య తాపీగా విన్నాడు. "ఎటు తిప్పితే ఏంటమ్మా, తిప్పడం మానేస్తే పురుగులు పడతాయి. కుడికే తిప్పమంటే రోజూ గుర్తుపెట్టుకుని తిప్పుతారు" అన్నాడు. ఆవు సంగతేంటంటే, "మా నాన్న గేదె ఎరువుతోనే పండించాడు. శిక్షణలో అలా అంటే గొడవెందుకని ఊరుకున్నాను" అన్నాడు. నేను కొట్టడానికి ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

అయినా ఊరుకోలేదు, లెక్కలు తీశాను. గ్రాము ఆవుపేడలో 300 నుంచి 500 కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయని చెప్తారు. ఉండొచ్చు. మంచి మట్టి గ్రాములోనూ వంద కోట్ల దాకా ఉంటాయి. ఎకరం చేలో ఆరంగుళాల పైపొర తూస్తే 850 టన్నుల పైమాటే. అంత మట్టిలో ఉన్నవాటి ముందు డ్రమ్ములోవి ఏ మూలకి? ఇక నత్రజని. పేడ, పంచితం, శనగపిండి మూడింట్లో ఉన్నదంతా కలిపినా పావుకిలో దాటదు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైన ఉంటుంది. పదిహేను రోజులకోసారి డ్రమ్ము వదిలినా పంటకాలం మొత్తానికి ఆ బస్తాలో మూల కూడా నిండదు. ఇదంతా కాగితం మీద వేసి మావయ్య చేతిలో పెట్టాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చివరిదాకా చదివాడు. "లెక్క బానే ఉంది. నాకూ ఈ అనుమానం ఉంది. అందుకే జీలుగ తొక్కించాను" అన్నాడు.

అప్పుడు వెనక్కి వెళ్ళి జీలుగ లెక్క వేశాను. బాగా పెరిగిన జీలుగని చేలో కలిపితే యూరియా బస్తాలో ఉన్నంత నత్రజని ఎకరానికి వచ్చేస్తుంది. దానికి తోడు నీళ్ళు నిలిచే వరిచేలో నాచు కూడా గాలిలోని నత్రజనిని పట్టి మట్టికిస్తుంది. ఏమీ వేయని వరిచేను కూడా కొంత పండేది అందుకే. అంటే చేలో పచ్చదనానికి కారణం ఉంది, అది డ్రమ్ములో లేదు. ఫోటోలు మాత్రం డ్రమ్ముకే తీస్తారు. జీలుగతో సెల్ఫీ దిగినవాణ్ణి నేను చూడలేదు.

అమ్మమ్మ ఉన్న ఇంట్లో ఈ వ్యవహారం చేలో ఆగదు. ఆవు వచ్చిన కొత్తలో ఒకపూట పాలు సరిగా ఇవ్వలేదు. పుంతలో పోయే ఒకావిడ నిలబడి మరీ చూసిందట, అందుకని దిష్టి. పళ్ళెంలో నీళ్ళు పోసి, పసుపు వేసి, కాస్త సున్నం కలిపితే ఎర్రగా రక్తంలా అయింది. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, స్కూల్లో చేయించే ప్రయోగమే. ఆ మాట నేను అంటే, "చూశావా, మీ స్కూల్లో కూడా చేస్తారు" అంది అమ్మమ్మ.

తర్వాత రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు ఆవు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. కోరు రాలేదు. మిరపకాయలు కాలితే ఇల్లంతా దగ్గాలి, రాలేదంటే దిష్టి గట్టిగా ఉన్నట్టట. దీన్ని పరీక్షించొచ్చు కదా అనిపించింది. అమ్మమ్మ చూస్తుండగానే అన్నే మిరపకాయలు, అంతే ఉప్పు తీసుకుని, పెరటిగోడకి దిష్టి తీసి అవే నిప్పుల్లో వేశాను. అప్పుడూ కోరు రాలేదు. నిప్పులు బాగా కణకణలాడుతుంటే కాయ మండి బూడిదైపోతుంది, పొయ్యిలో పొగ సుళ్ళు తిరిగితేనే దగ్గు వస్తుంది. గెలిచాననుకుని అమ్మమ్మ వైపు చూశాను. "ఆ గోడకి మొన్ననేగా సున్నం వేయించాం! పోయేవాళ్ళంతా చూస్తున్నారు, దిష్టి తగలదూ?" అంది. ఈ మాటకి జవాబు మా సిలబస్‌లో లేదు.

చద్దన్నం దగ్గర మాత్రం అమ్మమ్మా నేనూ ఒక పక్కనే ఉన్నాం, వాట్సాప్ అవతలి పక్క. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి పొద్దున తింటే వంద గ్రాముల్లో ఇనుము 3.4 మిల్లీగ్రాముల నుంచి 73.91కి పెరుగుతుందని ఒక మెసేజీ తిరుగుతూ ఉంటుంది. మా మరదలు అది ఇంట్లో అందరికీ పంపింది. ఇనుము మూలకం కదా, నీళ్ళలో నానితే పుట్టుకురాదు. పులియడం వల్ల ధాన్యంలో ఇనుముని పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం కొంత విరిగి, ఉన్న ఇనుము ఒంటికి బాగా పట్టొచ్చు. అంతవరకే. అమ్మమ్మకి ఆ అంకెతో పనే లేదు. "ఎండకి పోయేవాడికి కడుపు చల్లగా ఉండాలి, అంతే" అంటుంది. ఆవిడ గిన్నె మూత తీసి ముందు వాసన చూస్తుంది, తర్వాత వేలితో తాకి చూస్తుంది. పుల్లవాసన అయితే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టి మావయ్యకి. వేలికి తీగ సాగితే గేదె కుడితిలోకి. వండిన అన్నంలో బతికిపోయే బాసిల్లస్ బాక్టీరియా గురించి మేము ఒక సెమిస్టరు చదివాం. ఆవిడ ఆ తీగ దగ్గరే తేల్చేస్తుంది. వాట్సాప్ మెసేజీలో ఈ వేలు పెట్టే సంగతి ఉండదు.

నాకు నిజంగా టెన్షన్ పెట్టింది పచ్చకామెర్ల వ్యవహారం.

ఊడ్పులు అయ్యాక వానల్లో మరదలికి జ్వరం వచ్చింది. అన్నం సయించదు, వాంతులు. తర్వాత కళ్ళు పచ్చబడ్డాయి. కొత్తనీరు వచ్చాక ఊళ్ళో చాలామందికి ఇలాగే అవుతుంది, తాగేది కాలవనీళ్ళతో నింపిన చెరువు నీళ్ళే మరి. పాలకొల్లు తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయిస్తే హెపటైటిస్-ఏ. డాక్టరు గారు నెమ్మదిగానే చెప్పారు. దీనికి ప్రత్యేకంగా మందు లేదు, విశ్రాంతి కావాలి, తినగలిగింది తిననివ్వండి, సొంతంగా మాత్రలు వేయకండి, మగతగా ఉన్నా మాట తడబడినా వెంటనే తీసుకురండి. అన్నీ సరైన మాటలే. కానీ ఇంటికొచ్చేసరికి మిగిలింది ఒక్కటే: ‘మందు లేదన్నారు’. ఏటిగట్టు అవతల పసరు ఇచ్చే తాతగారు మందు ఉందంటారు. ఇంట్లో ఓట్లు ఎటు పడ్డాయో చెప్పక్కర్లేదు.

నేనూ వెంట వెళ్ళాను, కొంత కాపలాకి, కొంత కుతూహలం కొద్దీ. తెల్లవారుజామున అప్పటికే అరుగు నిండా జనం. తాతగారు డబ్బు పుచ్చుకోరు. పసరు నూరేముందు మనిషిని కూర్చోబెట్టి కళ్ళు చూశారు, గోళ్ళు చూశారు, తర్వాత "రిపోర్టు తెచ్చారా?" అని అడిగారు. నాకు ఆశ్చర్యం వేసింది. కాగితం దూరంగా పట్టుకుని చదువుకున్నారు. నిద్ర ఎక్కువగా పోతోందా, కడుపు ఉబ్బిందా, రక్తం ఏమైనా పడిందా అని వరసగా అడిగారు. మా ముందు వచ్చిన ఒక జంటని పసరు ఇవ్వకుండానే పంపేశారు. ఆ అమ్మాయి గర్భవతి. "నా దగ్గర ఒక్క నిమిషం ఉండొద్దు, భీమవరం పెద్దాసుపత్రికి పొండి" అని ఆటో కూడా ఆయనే పిలిపించారు. కామెర్లలో హెపటైటిస్-ఈ రకం నెలలు నిండుతున్న గర్భిణులకి ప్రాణాల మీదికి తెస్తుంది. ఆయనకి ఆ పేరు తెలిసి ఉండకపోవచ్చు, చూసి నేర్చుకుని ఉంటారు.

పసరు నేల ఉసిరిది. మొక్క ఎక్కడిది, ఏ నీళ్ళతో కడిగారు అని నేను అడుగుతుంటే అత్త నా మోచెయ్యి గిల్లింది. కలుషితమైన నీళ్ళతో వచ్చిన జబ్బుకి మళ్ళీ పచ్చినీళ్ళతో నూరిన మందేంటని నా బాధ. తాతగారు కోపం తెచ్చుకోలేదు. కాచి చల్లార్చిన నీళ్ళతో కడిగించి, కాచిన పాలలో కలిపి ఇచ్చారు. మొక్క పీకే చోటు కూడా చూపించారు, పెరట్లో కంచె వేసిన మడి. జనం తిరిగే గట్లమీద పీకరట.

నేల ఉసిరి సంగతి నేను అప్పటికే చదివి ఉన్నాను. 1988లో లాన్సెట్ పత్రికలో మద్రాసు పరిశోధకుల వ్యాసం వచ్చింది, నోబెల్ గ్రహీత బ్లంబర్గ్ కూడా అందులో భాగస్వామి. హెపటైటిస్-బీ వైరస్ ఒంట్లో ఉండిపోయినవాళ్ళలో ఈ మొక్క బాగా పనిచేసిందని రాశారు. తర్వాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు. పైగా మరదలిది హెపటైటిస్-ఏ, వారాల్లో దానంతట అదే తగ్గేది. జనం కాస్త పలచబడ్డాక ధైర్యం చేసి అడిగేశాను.

"తాతగారూ, మీరు పసరు ఇవ్వకపోయినా ఇది తగ్గేదే కదండీ?"

"తగ్గుద్దమ్మా" అన్నారు చెయ్యి కడుక్కుంటూ. "చాలామందికి తగ్గుద్ది. నేనివ్వకపోతే ఇంట్లో ఊరుకుంటారా? ఇంకోడి దగ్గరికి పోతారు. వాడు కంట్లో పోస్తాడు, ముక్కులో పోస్తాడు. నా దగ్గరికొస్తే మూడు వారాలు పత్యమని చెప్తాను. ఆ మూడు వారాలూ మగాళ్ళు సారా ముట్టరు, ఆడాళ్ళు కాస్త పడుకుంటారు."

పత్యం గురించి మాత్రం నేను ఒప్పుకోను. ఉప్పు లేదు, నూనె లేదు, మజ్జిగన్నమే. అసలే ఏమీ సయించని పిల్లకి అది శిక్ష. డాక్టరు గారు మామూలు తిండి పెట్టమన్నారు. ఈ గొడవ అత్త తనదైన పద్ధతిలో తీర్చింది. అమ్మమ్మ చూస్తుండగా వసారాలో చప్పిడి అన్నం, వంటింట్లో గుడ్డు. మరదలు కొన్ని వారాల్లో కోలుకుంది. అమ్మమ్మ దృష్టిలో పసరు గెలిచింది, నా దృష్టిలో కాలేయం గెలిచింది. "వదినా, నన్ను ఎవరూ అడగరేంటి? నాకు ఆ గుడ్డే పనిచేసింది" అంది మరదలు.

అక్టోబరులో వరి రసం పీల్చే సుడిదోమ వచ్చింది. పక్క చేలల్లో మచ్చలు మచ్చలుగా ఎండిపోతుంటే మావయ్య చేలో అంత పడలేదు. ఊళ్ళో అంతా నీమాస్త్రం మహిమ అన్నారు. అది 5 కిలోల వేపాకు, 5 లీటర్ల పంచితం, కిలో పేడ 100 లీటర్ల నీళ్ళలో కలిపి నానబెట్టిన ద్రావణం. నేను చేలోకి దిగి దుబ్బులు విదిలించి చూశాను. మావయ్య ఊడ్పులప్పుడే రెండు మీటర్లకోసారి ఇరవై సెంటీమీటర్ల కాలిబాట తూర్పుపడమరలుగా వదిలించాడు. దోమ కనపడగానే నీళ్ళు తీసేసి చేను ఆరగట్టాడు. రెండూ మార్టేరు శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెప్పేవే. దానికితోడు యూరియా పడని చేను కాబట్టి మొక్క లేతగా, గుబురుగా లేదు, నత్రజని ఎక్కువైన చేలంటేనే దోమకి ఇష్టం. ఇన్ని ఉండగా వేపాకు వంతు ఎంతో ఎలా తేల్చడం? మావయ్యని అడిగితే, "ఒక్కటే చేసి చూస్తూ కూర్చుంటే చేను దోమ తినేస్తుంది, అన్నీ చేశాను" అన్నాడు. రైతుగా అది న్యాయమే. ప్రాజెక్టుకి మాత్రం చావుదెబ్బ.

ఆ మధ్యలోనే హైదరాబాద్ నుంచి సహజ జీవనం మీద ఆసక్తి ఉన్నవాళ్ళు కొందరు చేను చూడటానికి వచ్చారు. వాళ్ళలో ఒకాయన బెల్లం ఎందుకు వేస్తారో మావయ్యకే గంటసేపు బోధించాడు. క్యాన్సర్ దగ్గర్నుంచి బట్టతల దాకా అన్నిటికీ ఆయన దగ్గర ఆకు ఉంది. ఆయన చేతిలో సీసా ఒకటి, రంగుల లేబులుతో, లీటరు జీవామృతం, ఏడాదిదాకా వాడొచ్చని రాసి ఉంది. మావయ్య మూత తీసి వాసన చూసి, మర్యాదగా మళ్ళీ బిగించి ఇచ్చేశాడు. వాళ్ళు వెళ్ళాక "వారానికి కుళ్ళిపోయేది ఏడాది ఎలా ఉంటుందే?" అని నన్నే అడిగాడు. ఆ సాయంత్రం నాకు ఒకటి స్పష్టమైంది. చేలో దిగి పసరు నూరి పేడ పిసికేవాళ్ళ దగ్గర నాకన్నా ఎక్కువ అనుమానాలున్నాయి. ఏది ఎప్పుడు ఆపాలో, ఎవరికి ఇవ్వకూడదో వాళ్ళకి తెలుసు. సీసాలో పోసేటప్పుడు ముందుగా వడకట్టేసేది ఆ అనుమానాన్నే.

కోతలయ్యాక పక్క చేలతో పోలిస్తే నాలుగైదు బస్తాలు తగ్గింది. ఎరువుల ఖర్చు, పురుగుమందుల ఖర్చు లేవు కాబట్టి చేతికొచ్చింది ఇంచుమించు సమానమేనని మావయ్య లెక్క చూపించాడు. ఆ లెక్కలో అత్త లేదు. పేడ ఎత్తింది, పిసికింది, రెండుపూటలా తిప్పింది, కలుపు తీసింది, వేపాకు దూసింది. మనిషిని పెట్టి చేయించుంటే ఎంతయ్యేదో వేసి చూపిస్తే మావయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అత్త మాత్రం "అది ఇలా ఇవ్వండి" అని తీసుకుని బీరువాలో దాచుకుంది.

మా గైడ్ గారు రిపోర్టు చూసి అడిగింది ఒకటే, ఏమీ వేయని మడి ఏదని. అదొకటి లేకుండా డ్రమ్ము వంతూ జీలుగ వంతూ విడదీయలేం. దాళ్వాకైనా వదలమని మావయ్యని బతిమాలాను. పది సెంట్లు అడిగాను. మధ్యలో గట్టు వేయాలి, విడిగా బోదె కావాలి, లేకపోతే మడవ దగ్గర వదిలిన జీవామృతం నీళ్ళతోపాటు ఇందులోకీ వచ్చేస్తుందని బొమ్మ గీసి చూపించాను. ఆయన బొమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, అయిదు సెంట్లయితే ఇస్తానన్నాడు.

"అయిదు సెంట్లు చాలదు మావయ్యా, గట్టు పక్క వరసలు లెక్కలోకి రావు."

"అయితే ఎనిమిది. అంతకుమించి లేదు. అందులో తగ్గిన వడ్లు మీ ప్రొఫెసరు గారు కొలిచిస్తారేమో కనుక్కో" అన్నాడు.

ఎనిమిదికి ఒప్పుకున్నాను. గట్టు వేసే కూలి మాత్రం నా స్కాలర్‌షిప్‌లోంచి ఇవ్వాలట.